శుక్రవారం రాత్రి బడి

టెక్సస్‌లో డాలస్‌కు ఉత్తరాన ప్లేనో, ఫ్రిస్కో, ఆలెన్ ఊళ్లలో ఇల్లు కొనబోయే తెలుగువాళ్లు గుమ్మం తూర్పుకుందా అని ఎంత ఆరా తీస్తారో, ఆ ఇల్లు ఏ హైస్కూలు కిందికొస్తుందని అంతకు రెట్టింపు ఆరా తీస్తారు. ఏజెంటు వంటింట్లో గ్రానైటు చూపిస్తుంటే, "స్కూలు రేటింగు పదికి ఎంత?" అంటారు. గుమ్మం పడమరకుంటే ఏదో సర్దుకుంటారు గానీ, రేటింగు ఏడని తెలిస్తే అక్కడినుంచే వెనక్కి తిరుగుతారు.

ఇక్కడి ప్రభుత్వ బడికి ఫీజు లేదు. అదంతా ఇంటి ధరలోనూ, ఏటా కట్టే ప్రాపర్టీ టాక్సులోనూ దాక్కుని ఉంటుంది. టాక్సు బిల్లులో పెద్ద వాటా బడిదే. ఖరీదైన ఇళ్లున్నచోట ఖజానా నిండుతుంది, లేనిచోట లేదు. ఇదేం న్యాయమని శాన్ ఆంటోనియో పేదపేటల తల్లిదండ్రులు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1973లో అయిదుగురు జడ్జీలు ఒకవైపు, నలుగురు మరోవైపు నిలవగా వాళ్లు ఓడిపోయారు. ఆ తర్వాత రాష్ట్ర కోర్టుల్లో పోరాడగా పోరాడగా, కలిగిన స్కూల్ డిస్ట్రిక్టుల సొమ్ములో కొంత లేనివాటికి మళ్లించే చట్టం 1993లో వచ్చింది. జనం దానికి 'రాబిన్ హుడ్' అని పేరు పెట్టారు. మనవాళ్ల విందుల్లో బిర్యానీ తింటూ ఆ రాబిన్ హుడ్‌ను తిట్టిపోసేవాళ్లు కనిపిస్తుంటారు. వాళ్లలో జిల్లా పరిషత్ హైస్కూల్లో పైసా కట్టకుండా చదువుకొచ్చినవాళ్లు తక్కువేం కాదు.

ఈ రేటింగుల వేటలో ఇంకో తిరకాసుంది. 1997 నాటి చట్టం ప్రకారం ప్రతి హైస్కూల్లో మొదటి 10 శాతంలో నిలిచిన పిల్లలకు రాష్ట్ర యూనివర్సిటీల్లో నేరుగా సీటు. ఆస్టిన్‌లోని పెద్ద యూనివర్సిటీ ఆ గీతను 6 శాతానికి, 2026 నుంచి 5 శాతానికి కుదించుకుంది. పదికి పది రేటింగున్న బడిని ఏరికోరి కొనుక్కున్న నాన్న కూతురు, అలాగే ఏరికోరి కొనుక్కున్న నాన్నలందరి పిల్లలతో పోటీపడాలన్నమాట! రెండు ఊళ్ల అవతల చదివుంటే ఆ పిల్ల హాయిగా ముందు వరసలో ఉండేదేమో. ఈ లెక్క తెలిశాక ఇల్లు మారినవాళ్లను మాత్రం నేను చూడలేదు.

రేటింగులో కనపడని బడిని చూడాలంటే శుక్రవారం రాత్రి ఫుట్‌బాల్ ఆటకు వెళ్లాలి. ఆలెన్ ఊరు, జనం ఓటేసి ఒప్పుకున్న అప్పుతో, దాదాపు 6 కోట్ల డాలర్లు పోసి, 18,000 మంది పట్టే ఫుట్‌బాల్ స్టేడియం కట్టి 2012లో తెరిచింది. హైస్కూలు పిల్లల ఆటకు! రెండేళ్లు తిరక్కుండానే కాంక్రీటు బీటలు వారి 2014 సీజనంతా మూతపడింది. ఊరు నవ్వులపాలైంది. జట్టు మాత్రం ఆ ఏడు కూడా రాష్ట్ర ఛాంపియన్‌షిప్ కొట్టింది, వరసగా మూడోసారి. అంత డబ్బు దండగనే ఇప్పటికీ నా అభిప్రాయం. కానీ ఈ శివారు ఊళ్లలో రచ్చబండ లేదు, కాళ్లీడ్చుకుంటూ తిరిగే బజారు లేదు. గరాజు తలుపు తెరుచుకున్నప్పుడు తప్ప కనిపించని పక్కింటాయన ఈ జాతరలోనే పలకరిస్తాడు.

మన పిల్లలు జట్టులో కన్నా ఆట దగ్గర వాయించే బ్యాండులో ఎక్కువ కనిపిస్తారు. ఆగస్టు ఎండలో, తారు పార్కింగు లాట్‌లో, మెడకు బరువైన బాజా తగిలించుకుని అడుగులు లెక్కపెట్టుకుంటారు. "పిల్ల కమిలిపోయిందే!" అని వీడియో కాల్లో అమ్మమ్మ గోల.

పాత విద్యార్థులను ఆహ్వానించే హోంకమింగ్ ఆటరోజున ఆడపిల్లలు 'మమ్' తగిలించుకుంటారు. గుడ్డతో చేసిన పళ్లెమంత చామంతి, దాన్నుంచి మోకాళ్ల కిందికి వేలాడే రిబ్బన్లు, చిరుగంటలు, బొచ్చు ఎలుగుబంటి బొమ్మ, మిణుకు మిణుకుమనే దీపాలు. ఇది టెక్సస్ వాళ్ల ప్రత్యేకం. మా వీధిలో ఒకావిడ పాత పట్టుచీర జరీ అంచు కత్తిరించి, రిబ్బన్ల మధ్య గ్లూ గన్‌తో అతికించింది. బళ్లో నలుగురు తల్లులు అది ఎక్కడ దొరుకుతుందని అడిగారట.

వీసా మీద ఉన్నవాళ్లకు స్కూల్ బోర్డు ఎన్నికల్లో ఓటు లేదు, టాక్సు బిల్లు మాత్రం తప్పదు. అయితే బ్యాండుకు సాయం చేసే తల్లిదండ్రుల బృందం 'బూస్టర్ల'లో చేరడానికి ఓటుతో పనిలేదు. యూనిఫాముల జిప్పులు కుట్టిపెట్టడం, హాఫ్‌టైములో నీళ్లందించడం, కన్సెషన్ స్టాండులో నాచోల మీద చీజు పోయడం వాళ్ల పని. గరిటె పట్టుకున్న చేతి తాలూకు వీసా ఏమిటని క్యూలో ఎవరూ అడగరు, హలపీన్యోలు ఇంకొన్ని వేయమంటారు.