పంపానన్నాడు, రాలేదన్నారు

"పంపానండీ" అని ఒకరు, "నాకు రాలేదే" అని ఇంకొకరు... ఈ గొడవ లేని ఆఫీసు ఉండదేమో. విచిత్రం ఏంటంటే, అలాంటప్పుడు మనం మొదట అనుమానించేది మెషీన్‌ని కాదు, మనిషిని. ఆ మనిషి జూనియర్ అయితే ఇక చెప్పక్కర్లేదు.

2023లో మా టీములో కొత్తగా చేరిన ఓ కుర్రాడు తన మాడ్యూల్‌లో బగ్ కనిపెట్టాడు. కోడ్ ఫ్రీజ్ అయిపోయింది కాబట్టి, సరిచెయ్యడానికి అనుమతి కావాలని మేనేజరుకి మెయిల్ పెట్టాడు. జవాబు లేదు. రిలీజ్ బగ్గుతోనే వెళ్ళింది. "ముందే ఎందుకు చెప్పలేదు?" అని మీటింగులో అందరి ముందూ కడిగేశారు. సెంట్ ఫోల్డర్ చూపించినా ఎవరూ నమ్మలేదు.

ఆఫీసు లోపలి మెయిల్‌కి మాకో పాత లైనక్స్ సర్వర్ ఉండేది. పోస్ట్‌ఫిక్స్ మెయిల్ అందుకుని ప్రాక్‌మెయిల్‌కి ఇస్తుంది, అది మెయిల్‌బాక్సులో వేస్తుంది. లాగ్ తీస్తే, ఆ మెయిల్ ఎదురుగా "సెంట్" అని ఉంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఆ పక్కనే బ్రాకెట్లో ఉన్నది కూడా చదవాలి. "ప్రాక్‌మెయిల్ కమాండ్‌కి అప్పగించాను" అని మాత్రమే దానర్థం. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ సంతకం పెట్టి ఉత్తరం తీసుకున్నాడన్నమాట. ఇంట్లోకి చేరిందో లేదో పోస్ట్‌మ్యాన్‌కేం తెలుసు?

సరే, మేనేజరుగారి హోమ్ డైరెక్టరీలో ప్రాక్‌మెయిల్ రూల్స్ చూస్తే అసలు సంగతి బయటపడింది. ఎప్పుడో మానేసి వెళ్ళిపోయిన అడ్మిన్ ఒకాయన స్పామ్ కోసం రాసిన రూలు: సబ్జెక్టులో "ఫ్రీ" అని ఉంటే డెవ్‌నల్‌లో పడెయ్. ప్రాక్‌మెయిల్‌కి మీరు ప్రత్యేకంగా చెప్పకపోతే చిన్నక్షరాలు, పెద్దక్షరాలు ఒకటే, పూర్తి పదమా కాదా అనీ చూడదు. ఇంగ్లీషులో "ఫ్రీజ్" అన్న మాటలో మొదటి నాలుగక్షరాలూ "ఫ్రీ"యే కదా! డెవ్‌నల్‌లో పడేసినా ప్రాక్‌మెయిల్ లెక్కలో డెలివరీ అయినట్టే, అందుకే బౌన్స్ కూడా రాలేదు. రెండు టెస్ట్ మెయిల్స్ పంపి చూశాను. "కోడ్ ఫ్రీజ్" అన్నది మాయం, రెండోది చేరింది.

2008 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5321 ప్రకారం, సర్వర్ 250 అని జవాబిచ్చిందంటే ఆ మెయిల్ బాధ్యత తీసుకున్నట్టే. చేర్చాలి, లేదా చేర్చలేకపోయానని చెప్పాలి. అనవసరంగా పోగొట్టకూడదు. ఆ స్ఫూర్తితో చూస్తే డెవ్‌నల్ రూలు రాయడమే అన్యాయం అని నా అభిప్రాయం. స్పామ్‌ని ఓ ఫోల్డర్లో పడేస్తే పోయేదేముంది? లాగ్‌ఫైల్ అని ఒక్క లైను పెట్టుకుంటే ఏ మెయిల్ ఎటు వెళ్ళిందో తెలుస్తుంది.

రూలు మార్చాం. మేనేజరు ఆ కుర్రాణ్ణి తన రూములోకి పిలిచి సారీ చెప్పారట. మంచిదే. కానీ నింద అందరి ముందు, సారీ నాలుగు గోడల మధ్యా? ఆ మీటింగులో ఉన్న సగం మందికి ఇప్పటికీ అతను మెయిల్ పెట్టని వాడే.

లాగ్ వెతకడానికి నాకు పట్టింది ఇరవై నిమిషాలు. ఒక మనిషిని అబద్ధాలకోరు అనే ముందు ఆ ఇరవై నిమిషాలు ఖర్చుపెట్టలేమా?