ఎనిమిది అక్షరాల చోటు

వ్యోమనౌక అనగానే అందరికీ రాకెట్టు మంటలు, పొగ గుర్తొస్తాయి. హోసూరులో ముప్పై ఏళ్లు ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పినవాణ్ణి కనుక నాకు దాని కడుపులోని తీగలు గుర్తొస్తాయి. కెమెరా చూసింది కంప్యూటరుకు చేరాలన్నా, కంప్యూటరు ఆజ్ఞ కెమెరాకు అందాలన్నా ఆ తీగలే దారి.

పాత పద్ధతి పేరు 1553. అమెరికా వైమానిక దళం 1973లో విమానాల కోసం పెట్టుకున్న ప్రమాణం అది. తరవాత ఉపగ్రహాల్లోకీ వచ్చింది. అందరికీ కలిపి ఒకే దారి, ఒకే పెద్ద. ఆ పెద్ద పిలిస్తేనే మిగిలినవాళ్లు పలకాలి. క్రమశిక్షణ గొప్పదే గానీ సెకనుకు పది లక్షల బిట్లే పోతాయి. పెద్ద పెద్ద బొమ్మలు తీసే కెమెరాలు వచ్చాక ఆ సందు చాలలేదు.

అప్పుడు యూరప్‌వాళ్లు స్పేస్‌వైర్ తెచ్చారు. 2003లో అది ప్రమాణమయింది. ఇద్దరిద్దరి మధ్య విడి తీగ, కూడళ్లలో రూటర్లు, సెకనుకు 20 కోట్ల బిట్ల వేగం. 2021 డిసెంబరు 25న బయలుదేరిన జేమ్స్ వెబ్ టెలిస్కోపులో పరికరాల సమాచారం నడిచేది దీని మీదే. 2019లో ప్రమాణమయిన స్పేస్‌ఫైబర్ వేగమైతే వందల కోట్ల బిట్లలోకి పోయింది.

వేగం సరే, నాకు నచ్చింది స్పేస్‌వైర్‌లోని ఒక మర్యాద. పంపేవాడు తనకు తోచినంత పంపడానికి వీల్లేదు. పుచ్చుకునేవాడు ముందుగా "నా దగ్గర ఎనిమిది అక్షరాలకు చోటుంది" అని చీటీ పంపాలి. ఒక చీటీకి ఎనిమిదే. చీటీలు అయిపోతే ఎంత తొందరున్నా ఆగాల్సిందే. ఆగకపోతే నిండిన చెంబులో నీళ్లు పోసినట్టే.

సాహిత్య పత్రికలో ఈ తీగల గోల ఏమిటంటారా? మా ఇంట్లో తెలుగు నాలుగు తరాలుగా నోటి మీదే బతుకుతోంది. మనవడు బడిలో తమిళం, ఇంగ్లీషు చదువుతాడు. తెలుగు మాట్లాడతాడు, చదవలేడు. మా తరంతో చదువు పోతుందేమోనని ఇంట్లో అందరికీ భయం. ఆ భయంతో శతకాలు, సామెతలు, గుణింతాలు అన్నీ ఒక్క వేసవిలో వాడికి పోసేయాలని ఆత్రం. వాడి దగ్గరున్నదేమో సాయంత్రం అరగంట.

అందుకని నేను పూటకు కొన్ని అక్షరాలే రాస్తాను. "చాలు తాతా" అంటే పలక పక్కన పెట్టేస్తాను. అడిగితేనే మళ్లీ తీస్తాను. ఒత్తుల జోలికి ఇంకా పోలేదు.

పోయిన వారం బస్టాండులో ఆంధ్రా బస్సు బోర్డు చూసి వాడు కూడబలుక్కుని "కుపం" అన్నాడు. అని ఊరుకోలేదు. "ఆ 'ప'కు కింద వేలాడేది ఏంది తాతా?" అని అడిగాడు.

చీటీ వచ్చింది. ఆ సాయంత్రం ఒత్తులు మొదలుపెట్టాం.