ఊరి బస్సు నుంచి మెట్రో దాకా...

సంక్రాంతికి రెండు రోజుల ముందు ఎల్బీనగర్ కూడలి చూడాలి. సంచులు, సూట్‌కేసులు, చంకలో పిల్లలు... విజయవాడ వైపు వెళ్లే ఏ బండి కనబడినా చేతులెత్తేవాళ్లే! హైదరాబాద్‌ తూర్పు శివారు ఎలా పెరిగిందో తెలియాలంటే ఆ జనాన్ని చూస్తే చాలు. ఇక్కడ ఇల్లు కట్టుకున్నవాళ్లలో చాలామంది ‘ఊరికి దగ్గర’ అనే కట్టుకున్నారు.

దిల్‌సుఖ్‌నగర్ ఒకప్పుడు పొలం. దాని యజమాని దిల్‌సుఖ్ రామ్ ప్రసాద్ ఆ భూమిని ప్లాట్లు చేసి అమ్మారు. ఆయన పేరే కాలనీకి నిలిచిపోయింది. దాటి ముందుకెళ్తే ఎల్బీనగర్. అది లాల్ బహదూర్ శాస్త్రి పేరు. నల్గొండ, ఖమ్మం, కృష్ణా, గుంటూరు... ఎటు నుంచి వచ్చినా బస్సు దిగేది ఈ దారిలోనే. ఉద్యోగం కోఠిలోనో, సచివాలయంలోనో అయినా కాపురం మాత్రం ఇటువైపే. అమ్మానాన్నలు వస్తే బస్సు దిగి నడిచి రావచ్చు. ఊళ్లో ఏదైనా కబురొస్తే వెంటనే బస్సెక్కొచ్చు. అదీ లెక్క!

మొదట రెండు గదులు, పెరట్లో జామచెట్టు. చేతిలో నాలుగు డబ్బులు ఆడితే పైన ఓ పోర్షను. గ్రూప్స్, డీఎస్సీ, బ్యాంకు పరీక్షల కోచింగ్ సెంటర్లు వెలిశాక ఆ పోర్షన్లన్నీ ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలతో నిండిపోయాయి. వాళ్ల కోసం హాస్టళ్లు, కర్రీ పాయింట్లు, జిరాక్సు షాపులు. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం బాంబులు పేలింది ఓ బస్టాపు దగ్గర, ఓ మిర్చి బజ్జీల కొట్టు దగ్గర. చనిపోయినవారిలో చదువుకుందామని వచ్చిన పిల్లలూ ఉన్నారు.

2007లో ఎల్బీనగర్, గడ్డిఅన్నారం మునిసిపాలిటీలు గ్రేటర్‌లో కలిసిపోయాయి. అయితే అసలు మలుపు 2018 సెప్టెంబరు 24. ఆ రోజు అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్‌కు మెట్రో మొదలైంది. మరుసటి ఏడాది అమీర్‌పేటలో మారి హైటెక్ సిటీకి వెళ్లే వీలూ వచ్చింది. అంతవరకూ తూర్పున ఉన్న సొంతూరికేసి చూసిన కాలనీలు, పడమటనున్న ఉద్యోగాలకేసి తిరిగాయి. ఇల్లు చూసేవాళ్లు ఇప్పుడు బస్టాండు ఎంత దూరమని అడగరు. మెట్రో స్టేషన్‌కు ఎన్ని నిమిషాలని అడుగుతారు.

దాంతో పాత ఇళ్లు డెవలప్‌మెంట్‌కు వెళ్తున్నాయి. జామచెట్టు ఉన్నచోట పార్కింగు, పైన అయిదంతస్తులు. స్థలం ఇచ్చినవారికి కొన్ని ఫ్లాట్లు, మిగతావి బిల్డరుకు. కొడుక్కొకటి, కూతురికొకటి ఇచ్చి అందరూ ఒకేచోట ఉండొచ్చన్నది పెద్దల సంతోషం. కానీ తక్కువ అద్దెకు పోర్షన్లో ఉన్నవాళ్లు మాత్రం సామాను సర్దుకుని ఇంకా దూరం... హయత్‌నగర్ దాటి వెతుక్కోవాల్సిందే.

ఈ సందడిలో జనం మరచిపోయినవి రెండు... నీళ్లు, కాగితాలు. 2020 అక్టోబరు వానలకు ఎగువ చెరువులు నిండి పొర్లాయి. 1626 నాటి సరూర్‌నగర్ చెరువు చుట్టుపక్కల కోదండరాంనగర్ లాంటి కాలనీలు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. నీరు తన పాత దారిని మరచిపోలేదు మరి! ఇక కాగితాల సంగతి. ఎల్బీనగర్ నియోజకవర్గంలో ఎన్నో కాలనీలవాళ్లు సొంతింట్లో ఉంటూ కూడా రిజిస్ట్రేషన్ కాక అవస్థ పడ్డారు. అమ్ముకుని పిల్ల పెళ్లి చేద్దామన్నా దారిలేదు. 2022లో ప్రభుత్వం 118 నంబరు జీవో తెచ్చింది. గజానికి 250 రూపాయలు కట్టించుకుని క్రమబద్ధీకరిస్తామంది.

ఇవేవీ బ్రోచర్లలో ఉండవు. ఏ వీధిలో ఎంత ఎత్తున నీళ్లొచ్చాయో, ఏ సర్వే నంబరుకు ఏ చిక్కుందో చెప్పగలిగేది ముప్పయ్యేళ్లుగా అక్కడ ఉంటున్నవాళ్లే. పాత ఇంటితో పాటు వాళ్లూ వెళ్లిపోతే ఆ కబుర్లు చెప్పే దిక్కుండదు. అందుకే ఇటువైపు ఫ్లాటు చూడ్డానికి వెళ్తే, మోడల్ ఫ్లాట్లో టైల్స్ చూశాక ఓసారి కిందికి దిగండి. అరుగుమీద కూర్చుని పేపరు చదువుకునే పెద్దాయన కనిపిస్తే పలకరించండి. ‘‘బాబాయ్, పెద్ద వానొస్తే ఇక్కడ నీళ్లు ఎటు పోతాయి?’’ అని అడగండి. ఆయన చెప్పేది విన్నాకే అడ్వాన్సు ఇవ్వండి.