చిక్కడపల్లి పుటలు

28 జులై 2024, ఆదివారం

లాల్‌దర్వాజ బోనాలు. ఊరంతా ఇవాళే కాబట్టి తెల్లారకముందే గల్లీ మొదట్లో డప్పు వినిపించింది. ఎదురింటి అత్తమ్మ గడప దగ్గర కూర్చొని కోడలి చేత కుండకు పసుపు పూయించి, కుంకుమ బొట్లు పెట్టించి, వేపమండలు కట్టించింది. లోపల బెల్లం అన్నం, పైన దీపం. కుండ తలకెత్తే వేళకు నన్ను కేకేసింది. “జర ఇటు చేయిపట్టు బిడ్డా, నా మోకాళ్లు లేస్తలేవు.”

అమ్మ గుంటూరు నుంచి ఈ ఇంటికి కాపురానికి వచ్చినప్పుడు బోనం అంటే ఏమిటో ఎరగదు. ఈ అత్తమ్మే దగ్గరుండి అన్నీ చెప్పింది. సంక్రాంతికి అమ్మ అరిసెలు వండితే, పాకం చూడటానికి అత్తమ్మ మా వంటింట్లో పీట వేసుకుని కూర్చునేది. తెలంగాణ ఉద్యమం రోజుల్లో బయట ఎన్ని మాటలు నడిచినా ఈ రెండిళ్ల మధ్య గిన్నెల రాకపోకలు ఆగలేదు. అమ్మ పోయింది. గిన్నెలు ఇంకా వస్తున్నాయి.

22 ఆగస్టు, గురువారం

మా అరుగు పక్కన ఇస్త్రీ అన్న బండి. బొగ్గుల పెట్టె, మడత పెట్టిన పాత దుప్పటి, నీళ్లు చల్లడానికి మూతకు చిల్లులు పొడిచిన సీసా. ఈ గల్లీలో ఎవరింట్లో ఏం జరుగుతోందో చెప్పకుండానే తెలిసేది అతనికే. రాత్రి ఎనిమిదింటికి ఒక్క చొక్కా వస్తే, మర్నాడు ఆ ఇంట్లో ఎవరికో ఇంటర్వ్యూ. పట్టుచీరల మూట వస్తే పెళ్లి. ఇన్నేళ్లుగా వచ్చే ప్యాంట్లు ఆగిపోతే ఆ ఇంటి పెద్దాయన రిటైరయ్యాడనో, మంచం పట్టాడనో అర్థం.

ఇవాళ బట్టలివ్వడానికి వెళ్తే అన్నాడు: “అక్కా, ఆ మూలింటి మాస్టారు సార్‌వి రెండు వారాల సంది వస్తలేవు. ఒకపారి చూసిరారాదు.”

వెళ్లాను. మాస్టారు నీరసంగా ఉన్నారు. కొడుకు పుణెలో. జ్వరం తగ్గినా లేచి వండుకునే ఓపిక లేదట. సాయంత్రానికి నేను చారు, అత్తమ్మ కోడలు జొన్నరొట్టె పంపించాం. కిరాణా సేఠ్ తన కుర్రాడితో కొబ్బరిబొండాలు పంపి ఖాతాలో రాసుకున్నాడు. కొడుక్కి ఫోన్ చేసి చెప్పాం. ఆదివారం వస్తానన్నాడు.

1 సెప్టెంబరు, ఆదివారం

నిన్నటి నుంచి ఎడతెగని వాన. రేపు బడులకు సెలవు. హుస్సేన్‌సాగర్ నుంచి మూసీకి పోయే నాలా మాకు దగ్గరే. 2020 అక్టోబరు వానలు చూసినవాళ్లకు ఇలాంటి రాత్రి కన్ను మూతపడదు.

రెండింటికి గల్లీలో నీళ్లు మడమలు దాటాయి. ఎవరూ ఎవరినీ పిలవలేదు, అయినా అందరూ బయటే ఉన్నారు. సేఠ్ గడపార తెచ్చాడు. ఇస్త్రీ అన్న మోకాళ్ల మీద కూర్చొని మోరీ జాలీలోకి చేయిపెట్టి లాగుతుంటే పాల కవర్లు, కొబ్బరి పీచు, పిల్లల చెప్పు ఒకటి బయటపడ్డాయి. నేను టార్చి పట్టుకున్నాను. నీళ్లు గుడగుడమని లోపలికి పోవడం మొదలయ్యాక అందరూ ఒక్కసారిగా ఊపిరి వదిలారు. కింది వాటాలో అద్దెకున్న పిల్లల పుస్తకాలు, బియ్యం డబ్బా అప్పటికే మా మేడ మీదికి చేరాయి.

ఆ జాలీ ఎక్కడుందో, దేనితో లేపాలో, గడపార ఎవరింట్లో ఉందో ముందే తెలిసి ఉండటం వల్ల గల్లీ గట్టెక్కింది.

12 సెప్టెంబరు, గురువారం

తమ్ముడు డాలస్ నుంచి ఫోన్ చేశాడు. “అక్కా, ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చేద్దాం. బిల్డర్ చెరిసగం అంటున్నాడు.” ప్లాను వాట్సాప్‌లో పంపించాడు. కింద స్టిల్ట్, పైన అయిదు అంతస్తులు. ఇల్లు పాతదైపోయింది, వాన పడితే పైకప్పు ఉరుస్తోంది. వాడన్నదాంట్లో తప్పేమీ లేదు.

కానీ ప్లాను చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. నేలమట్టం అంతా కార్లకే. వీధి వైపు ఒక్క గది లేదు, ఒక్క కిటికీ లేదు. ఎత్తైన ప్రహరీ, రిమోట్‌తో తెరుచుకునే గేటు. అరుగు తీసేశారు. అరుగు లేకపోతే ఇస్త్రీ బండికి చోటు లేదు. ఇస్త్రీ అన్న లేకపోతే మాస్టారి జ్వరం ఎవరికి తెలిసేది?

మేనకోడలు టౌన్ ప్లానింగ్ చదువుతోంది. ఆమె ఇచ్చిన జేన్ జేకబ్స్ పుస్తకం, ‘ద డెత్ అండ్ లైఫ్ ఆఫ్ గ్రేట్ అమెరికన్ సిటీస్’, మళ్లీ తీశాను. 1961లో వచ్చింది. జేకబ్స్ ఉన్నది న్యూయార్క్‌లోని హడ్సన్ వీధిలో. వీధికి భద్రత పోలీసుల కంటే ముందు, వీధి వైపు తెరిచిన కిటికీలూ దుకాణాలూ ఇస్తాయంటుంది. ఆ వీధివాళ్లు ఊరినుంచి వచ్చే స్నేహితుల కోసం ఇంటి తాళంచెవి దుకాణదారుడి దగ్గర వదిలి వెళ్లేవారట. మా సేఠ్ గల్లాపెట్టె పక్కన మేకుకు ఇప్పుడూ నాలుగైదు ఇళ్ల తాళాలు వేలాడుతుంటాయి.

ఇరుగుపొరుగు మంచి మనసుల వల్ల పుడుతుందనుకుంటాం. మంచి మనసులు అన్నిచోట్లా ఉంటాయి. రోజూ ఎదురుపడితేనే అవి ఒకరికొకరు పనికొస్తాయి. ఎదురుపడటానికి చోటు కావాలి, పని ఉండాలి.

25 సెప్టెంబరు, బుధవారం

పై వాటాలో అద్దెకున్న అమ్మాయి ఇవాళ మనసులో మాట చెప్పింది. “ఆంటీ, నేను ఎన్నింటికొచ్చానో, ఎవరు దింపారో గల్లీ మొత్తానికి కావాలి. గచ్చిబౌలిలో ఉన్నప్పుడు హాయిగా ఉండేది.”

ఆమె బాధ నిజం. ఇంత దగ్గరగా బతికేచోట ఆరాలు తప్పవు. పెళ్లెప్పుడు, పిల్లలెప్పుడు అనే ప్రశ్నలకు నేనూ ఎన్నో ఏళ్లు జవాబు చెప్పాను. అత్తమ్మతో మాట్లాడాను. “అడగనులే బిడ్డా. ఆమె వచ్చిందాకా లైటు మాత్రం తీయను” అంది. చూడటం వేరు, తీర్పు చెప్పడం వేరు. మొదటిది ఉంచుకుని రెండోది మానుకోవడం మా తరంవాళ్లు నేర్చుకోవాలి.

10 అక్టోబరు, గురువారం

సద్దుల బతుకమ్మ. తంగేడు, గునుగు, బంతి, కట్లపూలు నిన్న రాత్రే తెచ్చాం. గునుగు కాడలను కట్టలు కట్టి రంగుల్లో ముంచడం పిల్లల పని, వేళ్లన్నీ గులాబీ రంగు. తాంబాలంలో వరసలు పేరుస్తుంటే అత్తమ్మ పక్కన కూర్చొని “లోపల ఆకులు దట్టంగ నింపు, లేకుంటే కూలుతది” అని చెబుతూనే ఉంది. పైన గుమ్మడి పువ్వు, అందులో పసుపు గౌరమ్మ.

సాయంత్రం గల్లీలో బండ్లన్నీ మగవాళ్లే పక్కకు తీసి పెట్టారు. పై వాటా అమ్మాయి కూడా దిగివచ్చి ఆడింది. అడుగు తప్పినప్పుడల్లా అత్తమ్మ కోడలు చప్పట్లతో దారిలో పెట్టింది. చివర్లో మలీద ముద్దలు, పెరుగన్నం, పులిహోర. ఆ అమ్మాయి తెచ్చిన నువ్వులన్నం గిన్నె అందరికంటే ముందు ఖాళీ అయింది.

20 అక్టోబరు, ఆదివారం

రేపటి నుంచి గ్రూప్-1 మెయిన్స్. మొన్నటి నుంచి అశోక్‌నగర్‌లో అభ్యర్థుల ఆందోళన, పోలీసు వ్యాన్లు. సిటీ సెంట్రల్ లైబ్రరీలో పొద్దుపోయేదాకా చదివే కుర్రాళ్లు ఈ సాయంత్రం ఒక్కొక్క చొక్కా పట్టుకుని మా అరుగు మీద బారులు తీరారు. ఒకడిది పాలమూరు, ఒకడిది ఆదిలాబాద్. ఇస్త్రీ అన్న వాళ్ల దగ్గర డబ్బులు తీసుకోలేదు. “నౌకరొచ్చినంక ఇయ్యుండ్రి” అన్నాడు. అందరికీ టీ పెట్టి ఇచ్చాను.

వాళ్లు వెళ్లాక పైకి చూస్తే ఇందిరాపార్కు నుంచి వీఎస్‌టీ దాకా కట్టిన స్టీల్ బ్రిడ్జి మీద కార్లు జోరుగా పోతున్నాయి. గత ఏడాది ఆగస్టులో తెరిచారు, 2.25 కిలోమీటర్లు. ప్రయాణం సులువైంది, మంచిదే. కానీ ఊరంతా పైనుంచి దాటిపోయేవాళ్లదే కాకూడదు. కింద ఆగేవాళ్లకూ చోటుండాలి.

రాత్రి తమ్ముడికి ఫోన్ చేసి, కొత్త ఇల్లు కట్టడానికి ఒప్పుకుంటున్నానని చెప్పాను. షరతులు మూడు. వీధి వైపు కింద ఒక కొట్టుగది. గేటు పక్కన మన స్థలంలోనే నీడపట్టున అరుగు, పక్కన బండి నిలిచేంత జాగా. ప్రహరీ మనిషి భుజం దాటకూడదు. వాడు కనుక్కుని మళ్లీ ఫోన్ చేశాడు. “అలా చేస్తే రెండు కార్ల పార్కింగ్ పోతుందంటున్నాడక్కా బిల్డరు.”

ఆ రెండూ నా వాటాలోంచి తీసేయమన్నాను.