ముట్టుకోని సేవ

బతు బస్తీలో మా ఇంటికి వచ్చేవాళ్లు ఎక్కువగా పింఛను కాగితమో, రేషన్ కార్డో పట్టుకుని వస్తారు. రెండేళ్ల క్రితం పక్కింటి కుర్రాడు మాత్రం ఒక ప్లాస్టిక్ డబ్బా పట్టుకొచ్చాడు. లోపల అరచేయంత సాలీడు, ఒళ్లంతా నూగు. టరాంటులా.

"బాబాయ్, విశాఖలో ఉద్యోగం వచ్చింది. ఓడలో దీన్ని తీసుకెళ్లలేను. అమ్మేమో చూస్తేనే కేకలు పెడుతోంది. మీరే చూసుకోవాలి" అన్నాడు.

చదువుకునే రోజుల్లో కొన్నాడట. విదేశీ జాతి అని చెప్పి అమ్మారట. రసీదు లేదు. లా చదివిన మాకు దాని కాళ్లకన్నా ఆ లేని రసీదే ఎక్కువ భయం కలిగించింది. ఈ వ్యాపారంలో మన నేల మీది జీవి కూడా ఉంది మరి. గుత్తిలో రైల్వే కలప మధ్య దొరికిన నీలిరంగు సాలీడును 1899లో శాస్త్రలోకం నమోదు చేసింది. దాని అసలు ఇల్లు నంద్యాల, గిద్దలూరు మధ్య అడవి. 2008లో దాన్ని అంతరించే ముప్పు అతి తీవ్రంగా ఉన్న జాతుల్లో చేర్చారు. అంత అరుదైనదాన్నీ ప్రపంచమంతటా పెంపకానికి అమ్ముతున్నారు. 2019లో దాని ప్రజాతి మొత్తాన్నీ సైటిస్ ఒప్పందం కిందికి తెచ్చి, దేశాల మధ్య అమ్మకానికి హద్దు పెట్టారు.

మా డబ్బాలోది గోధుమరంగుది. అయినా కుర్రాడి చేత అటవీ శాఖకు ఉన్నదున్నట్టు అర్జీ రాయించాకే తీసుకున్నాం. పొదల్లో వదిలేయమని సలహా ఇచ్చినవాళ్లున్నారు. బ్రిటిష్‌వాళ్లు తెచ్చి వదిలిన చుక్కల జింకలు ఈ దీవుల అడవి మొలకల్ని ఇప్పటికీ మేసేస్తున్నాయి. పరాయి జీవిని ఇక్కడ వదలడం దయ కాదు.

వారానికొక బొద్దింకను బతికుండగానే వేయాలి. పంచశీల తీసుకున్న చేతులు ఆ పనికి వణికాయి. చంపాలన్న కోరిక వేరు, చంపక తప్పని అవసరం వేరు అని బాబాసాహెబ్ 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో వివరించారు. అడవిలోనైతే ఆ అవసరం సాలీడుది. డబ్బాలో దాన్ని పుట్టించింది మనిషి సరదా. ఆ సంగతి తెలిసే ప్రతి వారం మూత తీశాం.

కొన్ని నెలలకు అది తిండి మానేసి వెల్లకిలా పడుకుంది. చచ్చిపోయిందనుకున్నాం. ముట్టుకోకుండా ఆగితే కుబుసం విడిచి లేచింది. ఈసారి ముందు కాళ్లకు చిన్న కొక్కేలు వచ్చాయి. అంటే మగది, ఈడుకొచ్చింది. ఆడవి ఇరవై ఏళ్లు బతికేవి ఉన్నాయిగానీ, మగవి ఈ కుబుసం తర్వాత సాధారణంగా ఏడాదో రెండేళ్లో ఉంటాయి.

ఏడాది తిరిగేసరికి మళ్లీ తిండి మానేసింది. పొట్ట ముడుచుకుపోయింది. ముసలితనానికి మందు లేదని పశువుల డాక్టరుగారు నిజాయితీగా చెప్పారు. మా చేతిలో ఉన్నవి చిన్న పనులే. సీసా మూతలో రోజూ మంచినీళ్లు పెట్టాం. సాలీడు కాళ్లు చాచుకునేది లోపలి ద్రవం ఒత్తిడితో. నీరు తగ్గితే కాళ్లు కడుపు కిందికి ముడుచుకుంటాయి. తినని బొద్దింకను సాయంత్రానికి తీసేసేవాళ్లం, లేకపోతే అదే నీరసించినదాన్ని కొరుకుతుంది. ఈ వానల తేమకు మట్టి బూజు పడితే మార్చాం. చీమలు రాకుండా డబ్బాను నీళ్ల పళ్లెంలో ఎత్తుగా పెట్టాం. ఆ గదిలో దోమల మందు కొట్టడం మానేశాం.

ఇవన్నీ దాన్ని ముట్టుకోకుండానే చేశాం. పట్టుకుంటే అది బెదురుతుంది, దాని నూగు మనకు దురద పెడుతుంది. ముట్టుకోకపోవడం అంటే ఏమిటో మాకు చిన్నప్పుడే తెలుసు. ఊళ్లో అమ్మకు జ్వరమొస్తే, ఒక వైద్యుడు నాడి చూడకుండానే మాత్రల్ని పైనుంచి ఆమె దోసిట్లో పడేశాడు. ఆయన దూరంగా ఉన్నది తనకోసం. మేం దూరంగా ఉన్నది దానికోసం.

వినయపిటకంలో విరేచనాలతో పడి ఉన్న ఒక భిక్షువు కథ ఉంది. అతను ఎవరికీ ఉపయోగపడలేదని తోటివాళ్లు పట్టించుకోలేదు. బుద్ధుడే ఆనందుడితో కలిసి అతన్ని కడిగి మంచమెక్కించాడు. మా సాలీడూ మాకేమీ ఇవ్వలేదు. మమ్మల్ని గుర్తుపట్టిందని కూడా అనుకోం. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో 13వది ప్రాణులన్నిటి పట్ల కరుణ గురించి. అందులో అందమైనవి, ఉపయోగపడేవి అన్న షరతు లేదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టమూ మనిషి తప్ప ప్రతి ప్రాణినీ జంతువనే అంటుంది.

ఒక వానపొద్దున చూస్తే కాళ్లన్నీ ముడుచుకుని ఉంది. ఒక రోజంతా ఆగి, కొబ్బరిచెట్టు కింద పాతిపెట్టాం. కుర్రాడికి ఫోన్ చేస్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇంకోటి కొననా బాబాయ్? ఈసారి ఆడది" అన్నాడు.

"వద్దు నాయనా. చేతికొచ్చినదాన్ని చివరిదాకా చూడటం మన బాధ్యత. సరదాకి ఇంకోదాన్ని డబ్బాలోకి రప్పించడం మాత్రం కాదు" అన్నాం.

డబ్బా కడిగి ఎండబెట్టాం. ఇప్పుడందులో పింఛను దరఖాస్తులున్నాయి.