కొండ పసుపు, ఏటికొప్పాక బొమ్మ

పాడేరు దాటి ముంచంగిపుట్టు పోవు త్రోవలో పెదబయలు కలదు. 2022వ సంవత్సరమున ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోని మండల మిది. చుట్టును కొండలు, నడుమ మత్స్యగెడ్డ. ఈ సీమ స్త్రీలు వెన్నుల వెనుక చేతులు పెనవేసి, మోరి, కిరిడి, డప్పుల మ్రోతకు థింసా యాడుచుందురు. చూడవచ్చినవారు మెచ్చి, ఫోటోలు తీసికొని మరలిపోవుదురు. ఆడినవారి యింటికి దానివలన నేమి చేరినదని యడుగువారు తక్కువ. కళ యూరిని బాగుచేయునా యను ప్రశ్న మా కచ్చటనే కలిగినది. కొండ దిగి వరాహనది యొడ్డున నున్న ఏటికొప్పాకకు పోయినచో కొంత సమాధానము దొరకును.

అది లక్కబొమ్మల యూరు. అంకుడు కర్రను యంత్రముపై గిరగిర త్రిప్పుచు లక్కను అదిమిపట్టగా, ఆ రాపిడి వేడికే లక్క కరగి కర్రకు పట్టును. పిదప మొగలియాకుతో రుద్దగా నిగనిగలాడును. మన బాల్యమునాటి లక్కపిడతలు, కుంకుమభరిణెలు ఇట్టి పనివాండ్ర చేతులలోనివే.

నడుమ రసాయనపు రంగులు వచ్చి పాత రంగులను వెడలగొట్టినవి. సోదరీమణులారా! బొమ్మ చేత బడిన బిడ్డ మొట్టమొదట చేయు పని నోట బెట్టుకొనుటయే గదా! అట్టి రంగులలో సీసము వంటి విషము లుండవచ్చును. ఆ యూరివారగు సి.వి. రాజుగారు చెట్టుచేమల రంగులను మరల వెదకి పనివాండ్రచే వాడించిరి. పసుపుకొమ్మునుండి పచ్చన, నీలిమొక్కనుండి నీలము, జాఫరా గింజలనుండి నారింజ వన్నె. రంగు తీయుట యొక యెత్తు, దానిని లక్కతో కలుపుట వేరొక యెత్తు. 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు, 2023లో రాజుగారికి పద్మశ్రీ లభించినవి. 2025 గణతంత్ర దినోత్సవమున ఢిల్లీలో ఈ బొమ్మల శకటము నడచినది.

సంతోషమే. కాని మా మనసు కొండమీదికే పోవుచున్నది. అంకుడు అడవిచెట్టు. నరికినచోట మరల చిగురించు జాతియే యైనను, చిగురునకు కాలమీయనిచో నెన్నాళ్లు నిలుచును? పసుపు సంగతియు నట్టిదే. పాడేరు కొండలలో గిరిజన స్త్రీలు త్రవ్వి, ఉడికించి, ఎండబెట్టి, సంతకు మోసికొని వచ్చి కొమ్ముల ధరకే యమ్ముకొందురు. కొమ్ము రంగైన తరువాతి లాభము వారిది కాదు. రంగు తీయు విద్యను పెదబయలు వంటి చోటనే, ఆ స్త్రీలకే నేర్పరాదా? పొయ్యి, కుండ, నీరు వారికి క్రొత్తవి కావు. నేర్పువారు కొండ యెక్కవలెను.