భద్రాద్రి త్రోవలో చలువ యంత్రము

ఖమ్మమునుండి భద్రాచలమునకు పోవు త్రోవ రమారమి 120 కిలోమీటర్లు. వైరా, తల్లాడ దాటువరకు ఇరుప్రక్కల పొలములు కన్పట్టును. ఏన్కూరు, జూలూరుపాడు చేరుసరికి అడవి దగ్గరకు వచ్చును. ఆవల కొత్తగూడెమున సింగరేణి బొగ్గుగనులు, పాల్వంచలో విద్యుత్కేంద్రము, దాని చేరువను కిన్నెరసాని అభయారణ్యము. తుదకు గోదావరిపై 1965లో తెరచిన వంతెన దాటినచో శ్రీరాముని సన్నిధి. మాఘమాసమున ఈ ప్రయాణము కన్నులపండువు. వైశాఖమున ఇదే త్రోవ నిప్పులకుంపటి. కొత్తగూడెపు టెండలు తెలుగునాట పేరుమోసినవి.

మాకు ఒక పికప్ బండి కలదు. వెనుక సరకులు, ముందు రెండు వరుసలలో మనుష్యులు. మా అత్తగారికి 70 ఏండ్లు దాటినవి. నెలకొకసారి భద్రాచలములోని కూతురింటికి పోవుట ఆమెకు అలవాటు. బండిలోని ఏసీ ఆమెకు విలాసము కాదు, ఆధారము. ఆ ఏసీయే గడచిన వేసవిలో ముమ్మారు చెడినది.

మొదటి రెండుసార్లును ఒక మెకానిక్కు గ్యాసు తగ్గినదని చెప్పి, నింపి పంపెను. నెల తిరుగకమునుపే మరల వేడిగాలి వచ్చెను. మూడవసారి జూలూరుపాడు దాటిన పిదప నడిమధ్యాహ్నమున చల్లదనము నిలిచిపోయెను. అత్తగారికి కన్నులు తిరిగెను. బండిని చెట్టునీడకు తీసి, ఆమె మెడను, చేతులను తడిగుడ్డతో తుడిచి విసరితిమి. తెలివి చక్కగా నున్నదని చూచుకొని, ఉప్పు పంచదార కలిపిన నీటిని కొంచెము కొంచెముగా త్రాగించితిమి.

ఆ నీడనే కొందరు కోయ స్త్రీలు తునికాకును 50 ఆకుల కట్టలుగా కట్టుచుండిరి. తెల్లవారుజామున అడవికి పోయి, ఎండ ముదరకముందే తిరిగి వచ్చిరట. వారిలో నొక పెద్దామె తన కుండలోని నీరు పోసి, “ఈ ఎండలో ఎందుకు బయలెల్లినారమ్మా? పొద్దు వాలినాక పోండి” అనెను. ఆమె మాట చొప్పుననే సాయంకాలము కదలి కొత్తగూడెము చేరితిమి.

మరునాడు అచ్చట వేరొక మెకానిక్కు మాకు అసలు సంగతి విప్పి చెప్పెను. ఈ గ్యాసు పెట్రోలువలె ఖర్చగునది కాదు. మూసిన గొట్టములలో తిరుగుచుండును. కంప్రెసరు దానిని నొక్కును. బండి ముందుభాగమందలి కండెన్సరులో అది వేడిని విడిచి ద్రవమగును. పిదప సన్నని ద్వారముగుండ పోయి వ్యాకోచించి, లోపలిగాలి వేడిని గ్రహించును. కావున పదేపదే తగ్గుచున్నదనగా ఎచ్చటనో కారుచున్నదని అర్థము.

అతడు గొట్టములలో నత్రజని నింపి పైన సబ్బునీరు పూసెను. ఒకచోట బుడగలు లేచినవి. బండి కుదుపులకు గొట్టము ఇనుపపట్టీతో రాచుకొని అరిగిపోయినది. దానిని, అతుకులోని రబ్బరు వలయమును, తేమను పీల్చు డ్రయ్యరును మార్చెను. వ్యాక్యూమ్ పంపుతో లోని గాలిని, తేమను లాగివేసి, గ్యాసును తూచి నింపెను. బొగ్గుధూళి పేరుకొన్న కండెన్సరును నీటితో మెల్లగా కడిగెను.

సోదరీమణులారా, కారుచోటు వెదకక గ్యాసు నింపుట చిల్లికుండలో నీరు పోయుటయే. పోవునది సొమ్ము మాత్రమే కాదు. గ్యాసుతోపాటు కంప్రెసరు నూనెయు పోయి యంత్రము పాడగును. పెక్కు బండ్లలో నుండు 134ఏ అను గ్యాసు బొగ్గుపులుసు గాలికంటె వేయిరెట్లకు మించి భూమిని వేడెక్కించును. మన చల్లదనము కారిపోయి, నీడయైన లేక ఆకు కోయు ఆ స్త్రీల నెత్తిపై ఎండయై కూర్చుండుట న్యాయమా?

కావున బాగుచేయువానిని మూడు ప్రశ్నలు తప్పక అడుగవలెను: కారుచోటు కనుగొంటివా? వ్యాక్యూమ్ చేసితివా? ఎంత తూకము గ్యాసు నింపితివి? ప్రయాణమున నీరు, తడిగుడ్డ దగ్గర నుండవలెను. ఎండదెబ్బకు మాట తడబడినను, స్పృహ తప్పినను నోట నీరు పోయరాదు. దేహమును చల్లబరచుచు 108కి ఫోను చేయవలెను.

ఏసీ ఇపుడు చక్కగా పనిచేయుచున్నది. అయినను వేసవిలో మేము తెల్లవారకముందే బయలుదేరుచున్నాము. అడవి స్త్రీల గడియారము ఏ యంత్రముకంటెను నమ్మదగినది.